బావిలో బావ

స్కేలంటే గీతలు గీసుకునేది, కొలతలు తీసేది, అవసరమైతే అరచేతుల మీద వాయించేది అని మాత్రమే తెలిసిన తెలివితక్కువవాణ్ని నేను. ఇంటర్మీడియట్ పాసైన తర్వాత కూడా నాకు తెలిసింది అంతే. నీళ్లలోనూ స్కేలు ఉంటుందని, అది పంపులో పేరుకొని, పైపును మూసేసి, చివరికి మనిషి ఊపిరినే మూయబోతుందని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే, ఆ వేసవి పొద్దున మా బావి గట్టున మెకానిక్ ఖాజా భాయి పైపు మూతిలో వేలు పెట్టి చూసి, "పూరా స్కేల్ ఉంది. స్కేల్ తియ్యాలె భాయ్" అన్నప్పుడు నేను చేనుకు అడ్డంగా పడి ఇంటికి పరుగెత్తేవాణ్ని కాదు. ట్రంకుపెట్టె బోర్లించి, చెక్క స్కేలు వెతికి, అంగీకి తుడిచి, అంతే వేగంగా తిరిగొచ్చి రెండు చేతులతో ఆయనకు అందించేవాణ్ని కాదు.

ఖాజా భాయి స్కేలును చూశాడు, నన్ను చూశాడు. మర్యాదస్తుడు కాబట్టి మీసంలోనే నవ్వుకున్నాడు. మా బావ సంగప్పకు ఆ ఇబ్బంది లేదు. మా అక్క మొగుడు, రాయికోడ్ మనిషి. ఆయన నవ్వు బావి అడుగు దాకా పోయి మళ్లీ పైకొచ్చింది.

"నికాల్ దియా స్కేల్, తీసేసిండు! ఖాజా భాయ్, ఇంగ మీరు ఇంటికి పోండ్రి. మా బామ్మర్ది పంపు బాగ చేస్తడు. ఏది రా, ఎన్ని ఇంచుల రోగమో కొలిచి చెప్పు!"

ఆ రోజు నుంచి నా పేరు స్కేలు. పెళ్లి పందిట్లో స్కేలు, పురుట్లో స్కేలు, చావు ఇంట్లో కూడా కాస్త గొంతు తగ్గించి స్కేలు. తర్వాత నేను లెక్కల మాస్టరునైతే బావ పనిగట్టుకొని బడి దాకా వచ్చి ఆ పేరు పిల్లలకు అప్పజెప్పి వెళ్లాడు. పే స్కేలు మీద బతికి, పే స్కేలు మీదే రిటైరయ్యాను కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేకపోయాను.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మొన్న మా మేనల్లుడు బసవరాజు వచ్చాడు. సముద్రం ఒడ్డున ఆయిల్ బావుల దగ్గర ఉద్యోగం వాడిది. వెంట తోటి ఇంజనీరు కుర్రాణ్ని, అమ్మనూ నాన్ననూ, అంటే మా అక్కనూ బావనూ కూడా తీసుకొని జహీరాబాద్‌లోని మా ఇంటికి వచ్చాడు. భోజనాలయ్యాక ఫోనులో ఒక ఫొటో తీసి నా ముక్కు కింద పెట్టాడు. అడ్డంగా కోసిన ఇనుప గొట్టం. దాని లోపల తెల్లగా, పొరలు పొరలుగా, ఉల్లిగడ్డలాగా ఏదో పెరిగి, మధ్యలో చిటికెన వేలు పట్టేంత కంత మాత్రం మిగిలింది.

"ఇదేందో చెప్పు మామా."

"మన బాయి పైపు. నీకెక్కడ దొరికింది?"

వాడు నవ్వాడు. "బాయే గని నూనె బాయి మామా. నూనెతోటి నీళ్లు గూడ వస్తయి. ఆ నీళ్లల్ల ఉన్న సున్నం పంపుకు పడతది. పడితే పంపు ఖతం."

"అయితే మాదీ ఆయిల్ బావేరా. ఆయిల్ ఇంజన్ పెట్టిన బావి" అన్నాను. నవ్వుతూనే అన్నాను. కానీ ఆ తెల్లటి కంతలో నుంచి నాకు ఒక పుల్లటి వాసన వచ్చింది. ఫోనులో నుంచి వాసన రాదని తెలుసు.

మా చేను ఎర్రమట్టి అయిపోయి నల్లమట్టి మొదలయ్యే చోట ఉండేది. బావి తవ్వినప్పుడు నడుమ ఒక తెల్లరాతి పొర తగిలిందట. ఆ పొర మీదుగా ఊరే నీళ్లు చూడటానికి అద్దంలాగా ఉండేవి, వాడకంలో మాత్రం రాయి. ఆ నీళ్లలో పప్పు ఉడికేది కాదు, సబ్బు నురగ కట్టేది కాదు. చాయ్ గిన్నె అడుగున తెల్లటి పెంకు లేచేది. అమ్మ దాన్ని ఆదివారం ఆదివారం చింతపండు పిప్పితో రుద్దేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ నీళ్లు నోట్లో పోసుకొని మింగలేక, ఉమ్మలేక, మొహమాటంగా అటూ ఇటూ చూసేవాళ్లు. నీళ్లు నమలడం అనే మాట మా ఇంట్లోనే పుట్టి ఉంటుందని నా అనుమానం. పళ్లకు పట్టినట్టే కుండకూ పైపుకూ పట్టేదాన్ని మేము గార అనేవాళ్లం. అందుకే ఖాజా భాయి నోట స్కేలు అన్న మాట వచ్చినప్పుడు నా బుర్ర ట్రంకుపెట్టె వైపు పరుగెత్తింది. ఆయన గార అని ఉంటే నా పేరు నాకు మిగిలేది.

ఆ ఏడు అల్లం పెట్టాం. అల్లం పెట్టిన ఇల్లంటే వాసనే వేరు. విత్తనపు కొమ్ములు పరిచిన అర్రలో నుంచి ఘాటు మెల్లగా పడకల్లోకి, పెరుగులోకి కూడా చేరుతుంది. ఇంట్లో ఉన్నదంతా ఆ మడుల్లో పాతిపెట్టి ఉన్నాం. మొలకలు అప్పుడే పిల్లి నాలుకల్లాగా బయటికి వస్తున్నాయి. పైన పెనంలా కాలే ఎండ. సరిగ్గా అప్పుడే ఇంజను కాగిపోవడం, పైపు నుంచి ధార సన్నబడటం మొదలైంది. నీరు గార కట్టింది, మేము నీరుగారిపోయాం. బాపు, అంటే మా నాన్న, పొద్దున లేచి మడి దగ్గర మోకాళ్ల మీద కూర్చొని, ఒక్క మొలకను ముట్టి చూసి, మాట్లాడకుండా లేచి వచ్చేవాడు. ఆయన మాట్లాడకపోవడమే ఇంట్లో అందరికీ భయం.

ఖాజా భాయి చెప్పిన వైద్యం సులభమే. పంపును బావిలో నుంచి పైకి లేపాలి, విప్పాలి, తేజాబు, అంటే యాసిడ్, పోసి గార కరిగించాలి. కానీ పైకి లేపే చైను కప్పీ రాయికోడ్‌లో ఇంకో పని మీద ఉంది. అది తిరిగి వచ్చేదాకా ఆగమన్నాడు. తేజాబు సీసాలు మాత్రం దించి, టౌనుకు వెళ్లిపోయాడు.

"అప్పటిదాక అల్లం ఆగుతదా మామా?" అన్నాడు బావ. అక్కకు ఏడో నెల. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆమెను చూడటానికి వచ్చిన అల్లుడు మా కష్టాన్ని చూస్తూ ఊరికే కూర్చోలేకపోయాడు. "పంపు పైకి రాకపోతే మనమే కిందికి పోదం. ఆణ్ణే విప్పి, ఆణ్ణే పోస్త."

"మీరొద్దు. నేను దిగుత" అన్నాడు బాపు.

"మీ మోకాళ్లు మిమ్మల్ని దింపుతయి గని ఎక్కియ్యవు. జర నా మాట వినుండ్రి."

బాపు మడుల వైపు చూశాడు. ఒద్దనలేదు. ఒద్దనకపోవడం కూడా ఒక మాటే కదా, దాన్ని ఆయన తర్వాత జీవితాంతం మోశాడు.

మా అవ్వకు, అంటే బాపు తల్లికి, బావి విషయంలో రెండు కట్టడులు ఉండేవి. దిగేవాడు ఎవడైనా నడుముకు మోకు కట్టుకోవాలి, ఆ మోకు గిరక మీదుగా పైనున్నవాళ్ల చేతిలో ఉండాలి. ఇది మొదటిది. రెండోది ఇంకెక్కడా నేను వినలేదు. మనిషి కింద ఉన్నంతసేపూ అవ్వ గట్టున కూర్చొని కథ చెప్పేది. కిందివాడు ఊ కొట్టాలి. కథ మాత్రం ఎప్పుడూ ఒక్కటే. ఆమె కొత్త పెళ్లికూతురుగా బండిలో అత్తగారింటికి వచ్చిన దారి. ఎడ్లు ఎక్కడ ఆగాయి, ఎవరు మంచినీళ్లు ఇచ్చారు, ఏ వాగు దగ్గర చక్రం దిగబడింది, అన్నీ మాకు కంఠతా వచ్చు. పనివాళ్లు ఎప్పటికప్పుడు అనేవాళ్లు: "బాయిలకు దిగుడు కష్టం కాదు, అవ్వ పెండ్లి మళ్లొకసారి చేసుడే కష్టం." అవ్వ పట్టించుకునేది కాదు. ఊ వినబడితేనే తర్వాతి వాక్యం.

బావ మోకు కట్టుకున్నాడు. సగం దాకా రాతి మెట్లు, ఆ తర్వాత గోడకు దిగ్గొట్టిన ఇనుప కమ్ములు, అట్టడుగున నీళ్లకు కాస్త పైన రాతి దిమ్మె. దిమ్మె మీద పంపు. అక్కడ బావి ఇరుకై కుండ అడుగులాగా ఉండేది. గాలి ఆడదు. బావ దిగి, బోల్టులు విప్పి, మూత తీసి అరిచాడు.

"అరెరె, ఇది పంపు కాదు మామా, అరిసె పెంకు! తేజాబు ఇడువుండ్రి."

సీసాలు బొక్కెనలో పెట్టి దించాను. పోసిన శబ్దం పైకి వినిపించింది. వేడి నూనెలో తడి కూర వేసినట్టు బుస్సుమంటూ నురగ. "కరుగుతున్నది, కరుగుతున్నది!" అని బావ సంబరం. బాపు ముఖంలో కూడా చాలా రోజుల తర్వాత వెలుగు. పుల్లటి వాసన మెల్లగా గట్టు దాకా వచ్చింది. ఇంకో సీసా పోశాడు. కరిగేదాకా కూర్చుంటానని దిమ్మె మీద చతికిలబడ్డాడు.

"వింటున్నవా సంగప్పా? బండి కోహీర్ దాటింది."

"ఊ."

"ఎడ్లకు దూప. నాకు గూడ దూప. సిగ్గుకు నీళ్లు అడుగలేను."

"ఊ. నువ్వు సిగ్గుపడ్డవంటే నేను నమ్మ గని, చెప్పు."

కాసేపటికి కింద నుంచి విసుగు వినిపించింది. "ఏం అగ్గిపెట్టె తెచ్చినవ్ రా బామ్మర్దీ? బీడి ముట్టియ్యనిస్తలేదు. పుల్ల అంటుకుంటది, ఆరిపోతది. అంటుకుంటది, ఆరిపోతది."

"తడిసిందేమో బావా."

"జేబుల ఉన్నది ఎట్ల తడుస్తది రా, స్కేలూ!"

నాకు కోపం వచ్చింది. బాపు మడుల వైపు వెళ్లి కాలువ గట్టు సరిచేస్తున్నాడు, నీళ్లు వస్తాయని. గాలి లేని చోట నిప్పు ఆరిపోతోందంటే ఊపిరి కూడా ఆరిపోతుందని మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

"బండి వాగుల దిగింది, సంగప్పా."

"...ఊ."

అది ఊ కాదు. ఊ అనే మాట అలిసిపోయి కూలబడితే వచ్చే చప్పుడు. అవ్వ నా వైపు చూసింది. నేను మోకు మీద చెయ్యి వేశాను, కానీ లాగలేదు. బావ సంగతి మాకు తెలుసు. అవ్వను ఏడిపించడానికి కావాలని ఊ కొట్టకుండా ఊరుకొని, ఆమె కంగారుపడి కేకలేస్తే కింద నుంచి పగలబడి నవ్వే మనిషి. రెండు సార్లు అలా చేశాడు కూడా. ఇప్పుడు లాగితే మళ్లీ స్కేలూ అని మొదలుపెడతాడు. ఆ పేరుకు భయపడి నా చేతులు ఆగాయి.

"చక్రం దిగబడ్డది" అంది అవ్వ.

కింద నుంచి ఏమీ లేదు. నురగ చప్పుడు మాత్రం.

అప్పుడు అవ్వ చేసిన పని ఇంకెవరికీ తోచేది కాదు. ఆమె కేక వేయలేదు. గొంతు మార్చకుండా కథను మార్చింది.

"చక్రం దిగబడంగనే పెండ్లికొడుకు బండిల నుంచి దుంకి ఉరికిండు. నన్ను ఆణ్ణే ఇడిసిపెట్టి, ఇంకోదాన్ని చేసుకున్నడు."

ఆ కథ మొత్తం కంఠతా వచ్చిన బావకు అంతకంటే మంచి అవకాశం దొరకదు. ప్రాణం ఉన్న సంగప్ప అయితే బావి పగిలేలా నవ్వి, తాతను తిరిగి బండి ఎక్కించేవాడు. అవ్వ చెవి బావి వైపు వంచి ఒక్క క్షణం ఆగింది. ఏమీ రాలేదు.

"పిలగాడు లేడు" అంది. ఆమె లేచి నిలబడ్డ వేగం నేను ఎన్నడూ చూడలేదు. "గుంజు రా! ఓ నర్సప్పా, ఉరుకు!"

బాపు పార పడేసి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే మెట్లు దిగబోయాడు. అవ్వ అడ్డం నిలబడింది.

"కాలు పెడితే నా పీనుగను దాటి పో! ఒక్కడు పోయిండు, నువ్వు గూడ పోతవా? మోకు పట్టు!"

పట్టాం. స్పృహ లేని మనిషి ఎంత బరువో లాగితేనే తెలుస్తుంది. గిరక కిర్రుమంది. మోకు కాస్త వచ్చి, బిగిసి, ఆగిపోయింది. ఎక్కడో తట్టుకుంది. వంగి చూస్తే చీకట్లో బావ చెయ్యి పైపు కమ్మీ కింద చిక్కుకొని ఉంది, తల పక్కకు వాలింది. లాగితే చెయ్యి విరుగుతుంది, లాగకపోతే మనిషి దక్కడు. "ఇడువు, జర ఇడువు, మళ్ల గుంజు!" అని అరిచింది నేనేనట, తర్వాత బాపు చెప్పాడు. వదిలాం. బావ మళ్లీ ఆ పుల్లటి గాలిలోకి దిగాడు. మోకు ఊపాను. చెయ్యి జారింది. లాగాం. అరచేతుల్లో తోలు లేచింది తెలుసు, నొప్పి మాత్రం తెలియలేదు.

గట్టున పడుకోబెట్టేసరికి పెదవులు నేరేడు రంగులో ఉన్నాయి. పిడికిట్లో అగ్గిపెట్టె అలాగే ఉంది. బాపు తువ్వాలుతో విసురుతున్నాడు, పేరు పెట్టి పిలుస్తున్నాడు. అల్లుణ్ని ఆయన పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. అవ్వ బావ రొమ్ము మీద చెయ్యి వేసి, చెంప మీద కొట్టింది. మనవరాలి మొగుణ్ని. మళ్లీ కొట్టింది.

"ఊ అను. ఊ అను బిడ్డా. ఒక్కపారి ఊ అను."

దగ్గు వచ్చింది. తర్వాత కక్కు. తర్వాత, కళ్లు తెరవకుండానే, "ఊ."

ఇంటి వైపు నుంచి అక్క గొంతు వినిపించింది. బియ్యం చెరుగుతూ అరుపులు విన్నట్టుంది. "ఏమైందే?" బాపు నా వైపు చూశాడు. నేను పరుగెత్తి సగం దారిలోనే ఆమెను ఆపి, పంపు జారి పడిందని, బావ టౌనుకు సామాను తేవడానికి పోతున్నాడని చెప్పాను. నా చేతుల నెత్తురు చూసి కూడా ఆమె నమ్మింది. నమ్మకపోతే నిలబడలేనని ఆమెకు తెలుసేమో.

రోడ్డు మీద పోతున్న చెరుకు ట్రాక్టరును ఆపి, గడల మీదే బావను పడుకోబెట్టి దవాఖానకు బయలుదేరాం. బాపు ముందు డ్రైవరు పక్కన. ట్రాలీలో బావ తల నా ఒళ్లో. రోడ్డు కుదుపుకు ఒకసారి కళ్లు తెరిచాడు. నన్ను చూశాడు కానీ నేనెవరో తెలిసినట్టు లేదు. నా వేళ్లు పట్టుకున్నాడు. మీసం కూడా సరిగ్గా రాని నన్ను, తనకంటే అన్ని ఏళ్లు చిన్నవాణ్ని, పట్టుకొని చిన్నపిల్లాడిలాగా ఏడ్చాడు.

"అన్నా, నన్ను ఇడిసిపెట్టకన్నా. అన్నా, నన్ను బాయిల ఇడువకే."

"ఇడువ" అన్నాను. దవాఖాన గేటు దాకా నేను అన్నది అదొక్క మాటే.

ఆ పూట గొట్టంతో గాలి పెట్టారు. మర్నాటికి లేచి కూర్చున్నాడు. లేచిన మనిషి మొదట అడిగింది, "స్కేలు తెచ్చినవారా?" నవ్వాను. నవ్వుతూనే బయటికి వెళ్లి ఏడ్చాను. నేను తిరిగి వచ్చేసరికి గదిలో బావ తప్ప ఎవరూ లేరు. బావ గోడ వైపు తిరిగి, తేలిగ్గా అడిగినట్టు అడిగాడు.

"ట్రాలీల నేనేమన్న అన్ననా?"

"ఏమనలే బావా."

ఖాజా భాయి కప్పీతో వచ్చి పంపును పైకి లేపాడు. జరిగింది విని, కళ్లు మూసుకొని అల్లా అనుకున్నాడు. చేనులో గాలికి పెట్టి గార కడిగాడు. నీళ్లు వచ్చాయి. అల్లం సగం దక్కింది. అక్కకు నెలలు నిండి బసవరాజు పుట్టాక గానీ ఎవరమూ ఆమెకు నిజం చెప్పలేదు. చెప్పాక అక్క పంపును మించి కడిగింది మమ్మల్ని.

ఆ బసవరాజే మొన్న ఫోను పక్కన పెట్టి నాకు వివరం చెప్పాడు. "గారకు తేజాబు తగిలితే కార్బన్ డయాక్సైడ్ వస్తది మామా. గాలి కన్న బరువు. కిందనే కూసుంటది. మేము గూడ బాయిలల్ల యాసిడే పోస్తం, గని గాలి కొలిచే మిషన్ లేకుండ మనిషిని పక్కకు గూడ రానియ్యం." నేను ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పాను. మా పుస్తకాల్లో దాని పేరు బొగ్గుపులుసు వాయువు. దీపాన్ని ఆర్పుతుందని ఎన్ని తరగతుల్లో చూపించానో. సైన్సు మాస్టరు రాని రోజుల్లో నేనే చూపించాను. బావ చేతిలో ఆరిపోయిన పుల్లలు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. పులుసు ఒకచోట, ఆకలి ఒకచోట అన్నమాట నా చదువు.

ఇప్పుడు మా వైపు బావుల్లోకి దిగేవాళ్లు లేరు. బావులే లేవు. అంతా బోర్లు, సన్న పైపులతో చుక్కచుక్కగా పారించడం. ఆ సన్న కంతలకూ అదే గార పడుతుంది. ట్యాంకులో మందు కలిపి, స్విచ్ వేసి, రైతు కోహీర్ సంతకు వెళ్లిపోతాడు. తాగడానికి ఫిల్టర్ నీళ్ల డబ్బా ఇంటి ముందుకు వస్తుంది. పప్పు ఉడుకుతుంది, సబ్బు నురగ కడుతుంది. మంచిదే. మా బాపు మోకాళ్లు ఇప్పుడు ఉంటే సంతోషించేవి. కానీ కింద ఉన్నవాడి ఊపిరిని పైన ఉన్నవాళ్లు చెవితో పట్టుకొని కూర్చునే పని ఒకటి ఉండేది. బసవరాజు మిషను అంతకంటే బాగా పనిచేస్తుందని ఒప్పుకుంటాను. అది కథ మార్చి అబద్ధం చెప్పగలదా అని మాత్రం అడిగాను.

చాయ్ వచ్చింది. ఇంజనీరు కుర్రాడు కొత్త మనిషి. కొత్త మనిషి దొరికితే బావ ఊరుకుంటాడా? కుర్చీ ముందుకు జరిపి, ముసలి కళ్లు మెరిపిస్తూ మొదలుపెట్టాడు.

"ఏమ్ సారూ, స్కేలు స్కేలు అంటున్నరు, మా బామ్మర్ది స్కేలు సంగతి మీకు ఎరుకేనా? ఖాజా భాయి గిట్ల వేలు పెట్టిండు. మా వోడు ఇంటికి ఉరికిండు..."

కుర్రాడు అప్పటికే నవ్వుతున్నాడు. అక్క నవ్వుతోంది. వేల సార్లు విన్న నా భార్య కూడా నవ్వుతోంది. బావ ట్రంకుపెట్టె బోర్లించే చోటికి వచ్చాడు. రెండు చేతులూ గాలిలోకి లేపాడు.

"చాయ్ చల్లారుతుంది. తాగు తమ్ముడూ" అన్నాను బావ వైపు కప్పు జరుపుతూ.

చేతులు గాలిలోనే ఆగాయి. బావ నా వైపు తిరిగాడు. నేను నా చాయ్ ఊదుకున్నాను.

"మతి పోయిందారా?" అంది అక్క. "బావను పట్టుకొని తమ్ముడంటవేంది?"

బావ మెల్లగా చేతులు దించి కప్పు అందుకున్నాడు.

"అననీయే" అన్నాడు. "ముందు నేను అన్న అన్న."

అక్కకు ఆ మాట అర్థం కాలేదు. రెండు అన్నల్లో ఏది ఏదో బావ చెప్పలేదు. స్కేలు కథ మాత్రం ఆ పూట ట్రంకుపెట్టె దగ్గరే ఆగిపోయింది.